వద్దనడానికి వీలున్న అధ్యయనం

వికారాబాద్ జిల్లాలో అణు విద్యుత్ కేంద్రం లేదు. అయినా ఈ చర్చ ఇక్కడే జరగాలని నాకు అనిపించింది. 2025లో దేశం మొత్తం మీద అణు విద్యుత్ సామర్థ్యం 9 వేల మెగావాట్లకు లోపే. 2047 నాటికి దాన్ని లక్ష మెగావాట్లు చేస్తామని ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ప్రైవేటు కంపెనీలను ఈ రంగంలోకి రానిచ్చింది. ఇంత పెద్ద లక్ష్యం సముద్ర తీరంలోని నాలుగైదు చోట్లతో తీరేది కాదు. కావాలా వద్దా అని రేపోమాపో ప్రతి రాష్ట్రమూ తేల్చుకోవాల్సి వస్తుంది. తేల్చుకునే పద్ధతి తప్పితే ఏమవుతుందో దామగుండం అడవినీ లగచర్లనూ చూసిన ఈ జిల్లాకు బాగా తెలుసు.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పితాలు. ఒకరు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో పనిచేసి రిటైరై, వికారాబాద్‌లో స్థిరపడ్డ మేనమామ. ఇంకొకరు తాండూరు దగ్గర కంది పండించే ఇంట్లో పుట్టి, వికారాబాద్ కోర్టులో వకాలతు చేస్తున్న మేనకోడలు. వాళ్లు చెప్పే ఊర్లు, తేదీలు, అంకెలు మాత్రం కల్పితాలు కావు.

మామ: ముందు ఒకటి తేల్చుకుందాం బిడ్డా. నువ్వు వద్దంటున్నది అణు కరెంటునా, దాని మీద చేసే అధ్యయనాన్నా?

మేనకోడలు: కరెంటు సంగతి తర్వాత మామా. మన దగ్గర అధ్యయనం పేరుతోని నడిచే పనిని వద్దంటున్న. జాగ ముందే ఖాయమైతది. కంపెనీ ముందే ఖాయమైతది. ఆ జాగ, ఆ కంపెనీ ఎందుకు మంచివో రాయడానికి అప్పుడు నిపుణులు వస్తరు. పిల్లను చూడకముందే లగ్గపత్రిక కొట్టించినట్టు. కొవ్వాడ ముచ్చట నీకు తెల్వదా?

మామ: తెలుసు. అయినా నీ నోట విననీ.

మేనకోడలు: శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం. అంతా జాలర్ల తీరం. 2009ల కేంద్రం ఆ తీరాన్ని అమెరికా రియాక్టర్ల కోసమని ఎంచి పెట్టింది. ఈ నేలకు, ఈ సముద్రానికి ఎసొంటి రియాక్టర్ నప్పుతదని ఎవరూ అడగలె. ఏ దేశం సరుకు ఏ తీరానికి అన్న పంపకం అది. మొదలు జనరల్ ఎలక్ట్రిక్–హిటాచీ వాళ్ల డిజైన్ అన్నరు. ఆ రకం ప్రపంచంల ఎక్కడా కట్టిందే లేదు. అటు గుజరాత్‌ల మీఠీ విర్దీకి వెస్టింగ్‌హౌస్ అనుకుంటే అక్కడి రైతులు ఎదురు తిరిగిన్రు. దాంతోని 2016ల వెస్టింగ్‌హౌస్‌ను తెచ్చి కొవ్వాడల పెట్టిన్రు. ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. ఏడాది తిరగకముందే, 2017 మార్చిల, ఆ కంపెనీ అమెరికాల దివాలా పిటిషన్ వేసింది. భూసేకరణ మాత్రం ఊర్ల మీదికి వచ్చేసింది. డిజైన్ మారింది, కంపెనీ మారింది, మారనిది ఆ ఊర్ల పేరొక్కటే. దీన్ని అధ్యయనం అంటే నేను ఒప్పుకోను.

మామ: నేనూ ఒప్పుకోను. అసలు ఆ వరుసే తప్పు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఏఈఏ, 2007ల ఒక పద్ధతి రాసి పెట్టింది. కొత్తగ అణు కరెంటుకు పోదామనుకునే దేశం మూడు దశలు దాటాలె. మొదటి దశల ఒక్క గుంట భూమి తీసుకునేది లేదు, ఒక్క కంపెనీతోని సంతకం లేదు. తెలిసి నిర్ణయం తీసుకునే స్థితికి వచ్చినమా లేదా, అంతే. పందొమ్మిది అంశాలు చూడమంటది. పైసలు ఎక్కడివి, చట్టం ఉన్నదా, నియంత్రణ సంస్థకు స్వేచ్ఛ ఉన్నదా, గ్రిడ్ తట్టుకుంటదా, మనుషులకు శిక్షణ ఎవరిస్తరు, వాడిన ఇంధనం ఏం చేస్తరు, ప్రమాదం జరిగితే జనాన్ని ఎటు తీసుకపోతరు, జనంతోని ముందే మాట్లాడిన్రా. మొదటి ఆలోచన నుంచి మొదటి యూనిట్ కరెంటు దాకా పది పదిహేనేండ్లు పడుతదని వాళ్లే చెప్తరు. ఆ మొదటి దశ అయినంక వద్దనుకొని లేచిపోయినా అది ఓటమి కాదు.

మేనకోడలు: పుస్తకం మంచిదే. కాని అది కొత్తగ మొదలుపెట్టే దేశాలకు. మన దేశం ఆ నిర్ణయం 1948లనే తీసుకున్నది. అణుశక్తి చట్టం, అణుశక్తి సంఘం రెండూ ఆ ఏడాదివే. రాజ్యాంగంల కేంద్ర జాబితా ఆరో పద్దు అణుశక్తి. తెలంగాణ కమిటీ వేసుకొని వద్దని రాస్తే దాన్ని ఢిల్లీల ఎవరు చదువుతరు?

మామ: ఇక్కడనే నువ్వు వకీలువై ఉండి చేతులెత్తేస్తున్నవ్. రియాక్టర్ కేంద్రానిది కావచ్చు. భూమి ఎవరిది? నీళ్లు ఎవరియి? పాతికేండ్లు కరెంటు కొంటమని ఒప్పందం రాసేదెవరు? రాష్ట్రమే గదా. ఆ మూడూ చేతిల పెట్టుకొని, మాకు చెప్పకుంట ఎట్ల పెడ్తరని అడగొచ్చు. 2019 సెప్టెంబరుల నల్లమలల యురేనియం వద్దని అసెంబ్లీ ఏకగ్రీవంగ తీర్మానం చేసింది. అది కూడా కేంద్ర జాబితాల ముచ్చటనే.

మేనకోడలు: ఆ తీర్మానం అధ్యయనంల నుంచి రాలె మామా. అమ్రాబాద్ చెంచుపెంటల నుంచి, రోడ్ల మీదికి వచ్చిన జనం నుంచి వచ్చింది. మన చరిత్రల ఏదన్న అణు ప్రాజెక్టు ఆగిందంటే జనం వల్ల ఆగింది. 1980లల నాగార్జునసాగర్ దగ్గర అణు కేంద్రం అన్నప్పుడు ఆపింది ప్రభుత్వ కమిటీ కాదు. ఉస్మానియా ప్రొఫెసర్ పురుషోత్తమ రెడ్డి లాంటోళ్లు ఊరూరు తిరిగిన్రు. 2003ల లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడూ అంతే. సాగర్ జలాశయం పక్కన యురేనియం తవ్వుడు తగదని చెప్పాల్సింది సర్కారు నిపుణులు. చెప్పింది బయటోళ్లు.

మామ: ఆ బయటోళ్లు ఏం పట్టుకొని మాట్లాడిన్రు? మ్యాపులు, నీటి లెక్కలు, రేడియేషన్ మీద శాస్త్రం. ప్రభుత్వం చేయని అధ్యయనం వాళ్లు చేసిన్రు. నువ్వు చెప్పే ఉదాహరణలన్నీ అధ్యయనానికే సాక్ష్యం చెప్తున్నయి.

ఇక్కడ నా మాట ఒకటి. మామ చివరన్న మాట సరైనదే, కాని అది ప్రభుత్వాలకు ఊరట కాకూడదు. పౌరులు తమ జీతాల నుంచి ఖర్చు పెట్టుకొని చేసిన పని, ఖజానా డబ్బుతో ప్రభుత్వం చేయాల్సిన పని. రాష్ట్రం వచ్చాక కూడా ఈ అలవాటు మారలేదు. యాదాద్రి థర్మల్ కేంద్రానికి దామరచర్లలో 2015లో శంకుస్థాపన జరిగింది. 4 వేల మెగావాట్ల కేంద్రం, బొగ్గేమో గోదావరి పక్క నుంచి కృష్ణ పక్కకు రైలెక్కి రావాలి. నిర్మాణం చాలా దూరం నడిచాక, 2022లో, జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని పక్కనపెట్టి మళ్లీ అధ్యయనం చేయమంది. అప్పటికి వేల కోట్లు కాంక్రీటుగా మారాయి. అంత ఖర్చయ్యాక చేసిన అధ్యయనం ‘ఇక్కడ వద్దు’ అని రాయగలదా?

మామ: సరే, ఊహకే అడుగుత. 2024 చివర్ల న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ ఒక పిలుపునిచ్చింది. 220 మెగావాట్ల భారత్ స్మాల్ రియాక్టర్లు పరిశ్రమలు సొంత పైసలతోని కట్టించుకోవచ్చని. స్టీలు, సిమెంటు లాంటి వాటికి రాత్రీపగలూ కరెంటు కావాలె, పొగ తగ్గాలె. తాండూరు చుట్టు సిమెంటు ఫ్యాక్టరీలున్నయి. కరన్‌కోటల సీసీఐ ఉన్నది. రేపు ఎవరన్న ఇక్కడ ఒకటి పెడదమంటే, నువ్వు ఫైలు తెరవకుంటనే వద్దంటవా?

మేనకోడలు: తెరుస్త. మొదటి పేజీల కాగ్నా నది గురించి ఏం రాసిన్రో చూస్త. ఎండకాలం కాగ్నా ఎట్లుంటదో నీకు తెల్వదా? వానకాలం ఉరికే వాగు, మార్చి దాటితే ఇసుక. సముద్రం లేని చోట కట్టిన అణు కేంద్రాలు మన దేశంల ఉన్నయి, కాదనను. రావత్‌భాటకు చంబల్ మీద రాణాప్రతాప్ సాగర్ ఉన్నది. నరోరాకు గంగ ఉన్నది. కైగాకు కాళీ నది మీద కద్రా జలాశయం. హర్యానాల కడుతున్న గోరఖ్‌పూర్‌కు భాక్రా కాలువ. మనకేమున్నది? ఇక రెండో పేజీ. అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, నిబంధన ప్రకారం చుట్టు కిలోమీటరు లోపల మనుషులు ఉండొద్దు. ఐదు కిలోమీటర్ల దాకా జనాభా పెరుగుడు మీద అదుపు. పదహారు కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక. కరన్‌కోట దగ్గర ముల్లు గుచ్చి పదహారు కిలోమీటర్ల గీత గీస్తే తాండూరు పట్టణమంతా లోపల పడుతది, గీత పోయి కర్ణాటకల తేలుతది. ఇంక మా కందులు. 2022ల తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నేలల సున్నం, ఈ నల్లరేగడి, ఈ రుచి అని ఊరి పేరు మీద అమ్ముకుంటున్నం. అణు కేంద్రం ఉన్న ఊరి పప్పు అంటే, ఏ ప్రమాదం జరగకున్నా బజారుల ధర ఏమైతదో ఆ అధ్యయనంల ఎవరన్న రాస్తరా?

మామ: నీళ్ల దగ్గరనే ఆ ఫైలు మూసుకుంటది. నేను కమిటీల ఉంటే మొదటి వారంలనే మూస్త. అధ్యయనం చేసే పనే అది బిడ్డా. చెడ్డ జాగను అగ్గువల చంపుతది. కొవ్వాడల ఖర్చయిన కాలం, వికారాబాద్‌ల ఖర్చు కాకుంట ఆపుతది. దానికి నువ్వెందుకు శత్రువైతున్నవ్?

మేనకోడలు: నువ్వు కమిటీల ఉంటే అన్నవ్ చూడు, అక్కడనే ఉన్నది ముచ్చటంతా. కమిటీల ఎవరుంటరు? అణుశక్తి శాఖ మనుషులు, వాళ్ల కంపెనీ మనుషులు. తప్పు పట్టాల్సిన ఏఈఆర్‌బీ 1983ల ఒక ఉత్తర్వుతోని పుట్టింది. దానికి చట్టబద్ధ హోదా లేదని 2012ల కాగ్ రాసింది. ఆ హోదా రావడానికి 2025 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. భూసేకరణ చట్టం 2013 తీసుకో. సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి అన్నరు, సంతోషం. వెనక నాలుగో షెడ్యూలు తిప్పు. ఆ నిబంధనలు వర్తించని పదమూడు చట్టాల పట్టిక ఉంటది. 1962 అణుశక్తి చట్టం అందుల ఒకటి. ఇల్లు పోయే మనిషి గోస లెక్కగట్టే అవసరమే లేదని ముందే రాసుకున్నరు.

మామ: పర్యావరణ చట్టం కింద ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి గదా. 2006 నోటిఫికేషన్‌ల అణు కేంద్రాలు ‘ఏ’ కేటగిరీల ఉన్నయి.

మేనకోడలు: ఉన్నయి. అది ఎట్ల జరుగుతదో చెప్త విను. ముప్పై రోజుల ముందు పేపర్ల నోటీసు. నివేదిక మొత్తం లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం, కలెక్టరాఫీసుల ఒక కాపీ, పంచాయతీల ఒక కాపీ. తెలుగుల ఉండేది సంగ్రహం. ఆ పుస్తకంల నీటి అధ్యాయం వేరే, గాలి అధ్యాయం వేరే, అనుబంధాలు ఇంకా వేరే. రైతుకు అసలు సందేహం అనుబంధంల ఉంటది, అది సంగ్రహంల ఉండదు. హాల్ల షామియానా, ముందు వరుసల పోలీసులు. ఒక్కొక్కరికి మైకు రెండు నిమిషాలు. అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరకదు, మినిట్స్‌ల ఎక్కుతది. ప్రాజెక్టు కావాలె, వద్దు అని ఓటు లేదు. చెప్పింది వినాల్నని ఉన్నది గని, ఆ మాటకు కట్టుబడాల్నని లేదు. లగచర్లల పగిలింది ఆ కోపమే.

మామ: లగచర్లను నువ్వు సమర్థిస్తవా? 2024 నవంబరు 11న కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. మాట్లాడనీకి వచ్చినోళ్ల మీద.

మేనకోడలు: దాడిని సమర్థించను. కేసులల్ల ఇరుక్కున్న తండాల పిల్లలను చూసినోళ్లు ఎవరూ సమర్థించరు. కాని ఆ రోజుకు ముందు నెలల సంగతి అడుగు. ఫార్మా విలేజ్ అన్న పేరు ఖాయమైంది, సర్వే నంబర్లు ఖాయమైనయి. అభిప్రాయం చెప్పమన్నది ఆ తర్వాతనే. నవంబరు చివర్ల సర్కారు ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నది. అదే మాట ముందుగాల ఊర్లకు పోయి అడిగి ఉంటే? దామగుండంల నేవీ రేడియో కేంద్రం ముచ్చట కూడా చూడు. దేశరక్షణ అన్నరు. 2900 ఎకరాల అడవి, మూసీ పుట్టే కొండల పక్కన. 2024 అక్టోబరుల శంకుస్థాపన అయింది. ఇంకో చోటు చూసిన్రా, చూస్తే ఎందుకు కాదన్నరు అని అడిగినోళ్లకు కాయితం చూపెట్టలె. అణుశక్తి అంటే ఇంకా పెద్ద గోప్యం.

మామ: నా అనుభవం చెప్త. ఎన్‌ఎఫ్‌సీల మేం తయారు చేసే ఇంధన కట్ట, బండిల్ అంటం, మూర కంటె కొంచెం పొడుగు. పందొమ్మిది సన్నని జిర్కోనియం గొట్టాలు, ఒక్కొక్కదాంట్ల నల్లటి యురేనియం గోలీలు పేర్చి, రెండు దిక్కులా మూసి వెల్డింగ్ చేస్తం. పదహారు కిలోల పైన బరువు. కొత్త కట్టను గ్లవ్స్ వేసుకొని చేతుల మీద మోయొచ్చు. 220 మెగావాట్ల రియాక్టర్ల 306 గొట్టాలు, ఒక్కో గొట్టంల 12 కట్టలు. ఒక్క వెల్డింగ్‌ల వెంట్రుక మందం లోపం ఉన్నా ఆ కట్ట పక్కకు పోతది. ఎవరు చేసిన్రో నంబర్ ఉంటది, ఎవరు తనిఖీ చేసిన్రో సంతకం ఉంటది. అట్ల పనిచేసినోళ్లను చూసిన నేను, వీళ్లు దొంగలెక్కలు రాస్తరంటే ఒప్పుకోను. ఈ జ్ఞానం షామియానా కింద రెండు నిమిషాల మైకుల తేలేది కాదు. ఉష్ణోగ్రత, పీడనం, న్యూట్రాన్లు, భూకంప లెక్కలు ఊరి ఓటుతోని నిర్ణయిస్తమా?

మేనకోడలు: వెల్డింగ్ మీద నీ సంతకాన్ని నేను అడుగుతలేను. దాన్ని నమ్ముత. నేను అడిగేది ఆ కట్ట వాడినంక సంగతి. చేతుల మీద మోసిన కట్ట బయటికొచ్చేటప్పుడు మనిషి దగ్గరికి పోలేనంత రేడియేషన్ ఉంటది. అది ఎన్నేండ్లు ఎక్కడుంటదన్నది న్యూట్రాన్ లెక్క ఒక్కటే కాదు. ఏ ఊరి పక్కన అన్నది న్యాయం లెక్క. ఏ బావి ఎప్పుడు ఎండుతదో, ఏ తొవ్వ వానకాలం మునుగుతదో, రాత్రి రెండింటికి ఊరు ఖాళీ చేయాల్నంటే మంచంల ఉన్న ముసలోళ్లను ఎవరు ఎత్తుకపోతరో, ఆ జ్ఞానం నీ నిపుణుల దగ్గర లేదు. తుమ్మలపల్లెల యురేనియం వ్యర్థాల చెరువు చుట్టు ఊర్లల్ల బోరునీళ్లు పాడైనయని రైతులు మొదలు చెప్పిన్రు. కంపెనీ కాదన్నది. ఆ రైతులను మొదటి నుంచి అధ్యయనంల కూసోబెట్టి, వాళ్ల బోర్ల నీళ్లు గని మొదలుకాకముందే పరీక్ష చేసి, ఆ కాయితం వాళ్ల చేతికిచ్చి ఉంటే ఇయ్యాల ఎవరు నిజం చెప్తున్నరో తేలకపోవునా?

మామ జవాబు వెంటనే రాలేదని రాయాలనిపిస్తుంది, కాని ఆయన దగ్గర గట్టి జవాబే ఉంది. ఆమె అడిగినదాన్ని మొదటి నుంచీ చేసిన దేశం ఒకటి ఆయనకు తెలుసు. వాదనలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

మామ: ఫిన్‌లాండ్ ముచ్చట విను. 1987 నుంచి అక్కడి చట్టం ఏమంటదంటే, అణు కేంద్రమైనా వ్యర్థాల గుంతైనా, ఆ మున్సిపాలిటీ వద్దంటే పార్లమెంటు గూడ పెట్టలేదు. నువ్వు అడిగే హక్కే అది. వాడిన ఇంధనాన్ని భూమి లోతుల శాశ్వతంగ దాచే చోటు కోసం ఏండ్ల తరబడి దేశమంతా రాళ్లు పరిశీలించిన్రు. చివరికి యూరయోకి అనే చిన్న ఊరు మిగిలింది. అక్కడ అప్పటికే అణు కేంద్రం ఉన్నది, వాళ్లకు దాని మంచిచెడ్డలు తెలుసు. 2000 జనవరిల ఆ ఊరి కౌన్సిల్ ఓటేసింది. 20 మంది సరే అన్నరు, ఏడుగురు వద్దన్నరు. తర్వాత ఏడాది పార్లమెంటు 159–3 తోని ఒప్పుకున్నది. చూసినవా? హక్కు ఇచ్చినంత మాత్రాన అన్ని ఊర్లు వద్దనవు.

మేనకోడలు: నువ్వే నా వాదన చెప్తున్నవ్ మామా. వద్దనే హక్కు చేతిల ఉన్నది కాబట్టే సరే అనగలిగిన్రు. ఆ హక్కు లేని చోట సరే అనుడుకు అర్థమే లేదు. నేనూ ఒకటి చెప్త. 2016ల దక్షిణ ఆస్ట్రేలియాల ఒక రాయల్ కమిషన్, ప్రపంచ దేశాల అణు వ్యర్థాలు తెచ్చి దాస్తే మస్తు ఆదాయం వస్తదని రాసింది. ప్రభుత్వం వెంటనే ఊ అనలె. మామూలు జనంల నుంచి మూడు వందల పైచిలుకు మందిని ఎంచి జ్యూరీగ కూసోబెట్టింది. వాళ్లు నిపుణులను పిలిపించుకున్నరు, ప్రశ్నలడిగిన్రు. ఆ నేలకు చెందిన ఆదివాసుల మాట విన్నరు. చివరికి మూడింట రెండు వంతుల మంది ఏ షరతు మీదనైనా వద్దన్నరు. సర్కారు ఆ పథకాన్ని వదిలేసింది. నిపుణుల ఆదాయం లెక్క మీద వాళ్లకు నమ్మకం కుదరలె, అది ఒక్కటే లెక్క కాదని గూడ అన్నరు.

మామ: ఒప్పుకుంట. కాని వద్దన్న రోజు లెక్క ముగుస్తదా? ఆస్ట్రియా 1978ల ఏం చేసింది? స్వెంటెన్‌డోర్ఫ్‌ల కేంద్రం మొత్తం కట్టేసినంక జనాన్ని అడిగింది. నూటికి 50.47 మంది వద్దన్నరు. ఒక్క రోజు నడవని కేంద్రం ఇప్పటికీ నిలబడి ఉన్నది. ఫిలిప్పీన్స్‌ల బటాన్ ఇంకా బాధ. కట్టిన్రు, ఇంధనం వేయలె, అప్పు మాత్రం 2007 దాకా కట్టిన్రు. జనాన్ని అడుగుడు ఎంత ముఖ్యమో, ఎప్పుడు అడుగుతవన్నది అంత ముఖ్యం.

మేనకోడలు: అది మన ఇద్దరికీ ఒకటే మాట. ముందుగాల అడగాలె. పైసల సంగతి చెప్పు. వెస్టింగ్‌హౌస్ డిజైన్‌తోనే అమెరికా జార్జియా రాష్ట్రంల వోగ్టల్ కేంద్రంల రెండు రియాక్టర్లు కట్టిన్రు. 14 వందల కోట్ల డాలర్లు అనుకున్నది 3 వేల కోట్లు దాటింది, ఏడేండ్లు ఆలస్యమైంది. పక్క రాష్ట్రంల అసొంటియే రెండు సగంల ఆపేసిన్రు. ఆ ఖర్చు కరెంటు బిల్లులల్ల జనమే కడుతున్నరు. కొవ్వాడల అదే డిజైన్ ఆరు. కేంద్ర ఇంధన శాఖ కార్యదర్శిగ చేసిన ఇ.ఎ.ఎస్. శర్మ, విశాఖల కూసొని ఈ లెక్కలనే ఏండ్లకేండ్లు ఉత్తరాలుగ రాసిండు. అసలు అధ్యయనమే ఆ ఉత్తరాలతోని మొదలు కావాలె. మన దగ్గర కొత్త సోలార్ యూనిట్ రెండున్నర రూపాయల చుట్టు వస్తున్నది.

మామ: సూర్యుడున్నంతసేపు. 2025 మార్చిల మన రాష్ట్రం డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. యాసంగి మోటర్లకు పగటిపూట సోలార్ ఇయ్యొచ్చు. రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ ఏసీలకు ఏమిస్తవ్? రాత్రికి దాచే బ్యాటరీని కలిపితే ఆ రెండున్నర రూపాయలు ఎంతైతదో కూడా అదే పేజీల రాయాలె. అమెరికా డిజైన్ ఖరీదని ఒప్పుకుంట. మన సొంత 700 మెగావాట్ల రియాక్టర్లు కాక్రాపార్‌ల నడుస్తున్నయి. వాటికీ ఆలస్యమైంది, 2010ల మొదలైన మూడో యూనిట్ 2023ల గని వ్యాపారానికి రాలె. అయినా చేయడం మనకొచ్చింది. కైగా, కల్పాక్కం కరెంటుల మన రాష్ట్రానికి వాటా ఉన్నది. నీ ఇంట్ల ఫ్యాను తిరిగే కరెంటుల కొంచెం అణు కరెంటు ఇప్పటికే ఉన్నది. ఆ భారం కన్నడోళ్లు, తమిళోళ్లు మోస్తున్నరు.

మేనకోడలు: అందుకే వాళ్లనూ అడగాల్నంటున్న.

మామ: అడుగు. కాని ఒకటి నాకు జవాబు చెప్పు. ప్రతి ఊరికి వద్దనే హక్కు ఇస్తివి. కాగ్నా ఒడ్డు వద్దన్నది, కృష్ణ ఒడ్డు వద్దన్నది. సరే. అప్పుడు రాత్రి కరెంటు ఎక్కడి నుంచి వస్తది? రామగుండం నుంచే. అక్కడ బూడిద చెరువుల పక్కన, బొగ్గు లారీల దుమ్ముల బతికేటోళ్లకు వద్దనే హక్కు ఎవరిచ్చిన్రు? వాళ్లను అడగనే లేదు, కట్టిన్రు, 2600 మెగావాట్లు నడుపుతున్నరు, పక్కనే ఇంకో 1600 కట్టిన్రు. నీ ఊరి వద్దు వాళ్ల నెత్తి మీద పడుతది బిడ్డా. తాండూరుల నాపరాయి పాలిష్ మిషన్లు తిరగాలంటే, సిమెంటు బట్టీలు తిరగాలంటే, ఎవరో ఒకరి ఇంటి పక్కన ఏదో ఒకటి కాలాలె.

మేనకోడలు: అది నేను తప్పించుకునే ప్రశ్న కాదు. అయితే రామగుండం కూడా అధ్యయనంల ఉండాలె. అణు కేంద్రం కావాలా అన్న ఒక్క ప్రశ్నతోని అధ్యయనం మొదలైతే జవాబు ఆ ప్రశ్నల నుంచే వస్తది. ఇరవయ్యేండ్లకు రాష్ట్రానికి రాత్రిపూట ఎంత కరెంటు కావాలె, ఏ ఏ దారుల వస్తది, ఒక్కో దారిల ఎవరు ఏం పోగొట్టుకుంటరు అని అడగాలె. బొగ్గుకు ఎంత బూడిద, సోలార్‌కు ఎన్ని ఎకరాల మేత భూములు, అణువుకు ఎన్ని నీళ్లు, ఎంత అప్పు, ఎన్ని తరాల కాపలా. వృథా తగ్గిస్తే ఎంత మిగులుతదో కూడా. నివేదిక మొత్తం తెలుగుల రావాలె, అనుబంధాలతోని సహా. భూమి నోటిఫికేషన్ ఆ నివేదిక మీద అసెంబ్లీల చర్చ అయ్యేదాకా రావొద్దు.

మామ: కమిటీల సగం మంది ఆ పని తెలిసినోళ్లు ఉండాలె. అది నేను వదలను. ఏఈఆర్‌బీల పనిచేసి బయటికి వచ్చినోళ్లు, గ్రిడ్ నడిపినోళ్లు, భూగర్భ జలాలు చూసినోళ్లు.

మేనకోడలు: సగం ఉండనీ. మిగతా సగంల కొవ్వాడ జాలరిని కూసోబెట్టు, రామగుండం బూడిద చెరువు పక్కోణ్ని కూసోబెట్టు, కైగా చుట్టున్న ఊరోళ్లను పిలిపించు, తాండూరు కంది రైతును పెట్టు. వాళ్ల అసమ్మతి నివేదికల అచ్చు కావాలె, మినిట్స్‌ల కాదు.

మామ: ఎన్నేండ్లు పడుతదో తెలుసా నీకు?

మేనకోడలు: కొవ్వాడను ఎంచింది 2009ల. అప్పుడే ఈ పని మొదలుపెట్టి ఉంటే ఎప్పుడో అయిపోవు.

మామ: సరే. అట్ల వేస్తే నేను పోయి కమిటీ ముందట వాంగ్మూలం ఇస్త. రాష్ట్రానికి ఒక అణు కేంద్రం అవసరమనే చెప్త, నీళ్లున్న చోట.

మేనకోడలు: నేనూ వస్త. వద్దనే వాదిస్త.